కడుపు మలుపు దగ్గర తీయని ఫోటో

ఎండోస్కోపీ నేర్చుకోవడానికి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా రాజమండ్రిలో మనుషుల నోట్లోంచి గొట్టం దింపి కడుపు లోపల చూడటమే నా పని. నాకు వచ్చిన ప్రమోషన్లు, నేను కూర్చున్న కమిటీలు ఇందులో ఉండవు. వాటి వల్ల ఏ రోగికీ ఒరిగిందేమీ లేదు. ఒక్క కుటుంబం గురించి రాస్తాను. వాళ్ళలో ఒకరి విషయంలో నేను తప్పు చేశాను. అది దాచిపెట్టి మిగతావి ఎన్ని చెప్పినా మీకు పనికొచ్చేది ఏమీ ఉండదు.

గ్యాస్ అనే మాట

మన వైపు కడుపులో ఏ బాధ వచ్చినా దాని పేరు గ్యాస్. మంటైనా గ్యాసే, ఉబ్బరమైనా గ్యాసే. గుండె నొప్పితో చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళు కూడా "గ్యాస్ పట్టేసిందండి" అనే చెబుతారు. మా దగ్గరికి వచ్చేలోపే మందుల షాపులో అడిగి, పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ళ నెలల తరబడి మింగుతుంటారు. ఆ బిళ్ళ చెడ్డదేమీ కాదు. కడుపులో ఆమ్లం తగ్గుతుంది, మంట తగ్గుతుంది. కానీ చాలామందిలో ఆ మంట వెనక ఒక బ్యాక్టీరియా ఉంటుంది. పేరు హెలికోబాక్టర్ పైలోరి. చిన్నతనంలోనే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుని, కడుపు గోడను పట్టుకుని ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఎక్కువమందిని ఏమీ చేయదు. కొందరికి పుండ్లు పడతాయి. ఏ కొద్దిమందిలోనో లోపలి పొర మెల్లమెల్లగా మారి క్యాన్సర్ దాకా పోతుంది.

దాన్ని పట్టుకోవడానికి మాకొక సులువైన పరీక్ష ఉంది. కడుపు గోడ నుంచి బియ్యపు నూకంత ముక్క తీసి పసుపురంగు జెల్‌లో పెడతాం. బ్యాక్టీరియా ఉంటే ఆ జెల్ గులాబీరంగుకు తిరుగుతుంది. లేకపోతే పసుపుగానే ఉంటుంది. చూడటానికి డిగ్రీ అక్కర్లేదు. ఆ సులువే నన్ను ముంచింది.

రామశేషు గారి దగ్గర

నాకు చెయ్యి తిప్పడం నేర్పింది రామశేషు గారు. ఆసుపత్రిలో మా డిపార్ట్‌మెంట్‌కి పెద్ద ఆయనే. గొట్టం ఆయన చేతిలో ఉంటే రోగికి వాంతి కూడా వచ్చేది కాదు, అంత నైపుణ్యం. రక్తం కక్కుతూ వచ్చిన మనిషిని చూసి ఆయన కంగారుపడటం నేను ఒక్కసారి కూడా ఎరగను. ఆ ధైర్యం ఆయన నుంచే నాకు వచ్చింది.

ఆయన లోపం కూడా చెప్పాలి. ఆయనకి వేగం అంటే గర్వం. బయట బెంచీల మీద నిడదవోలు నుంచి, రావులపాలెం నుంచి పరగడుపున వచ్చినవాళ్ళు కూర్చుని ఉంటే, టిఫిన్ల వేళ దాటకుండా అందర్నీ చూసి పంపేసేవారు. "పుండు ఉందా, గడ్డ ఉందా చూడండి. లేకపోతే బయటికి వచ్చేయండి. లోపల కాపురం పెట్టకండి" అనేవారు. నేనూ ఆ వేగమే నేర్చుకున్నాను. ఇద్దరం పక్కపక్క గదుల్లో పోటీపడి చేసేవాళ్ళం. అది గొప్పనుకున్నాను.

నా గదిలో సిస్టర్ గ్రేసమ్మ గారు ఉండేవారు. గొట్టాలు కడగడం, రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ప్లాస్టిక్ రింగు పెట్టి "మింగకండి బాబూ, లాలాజలం కారనివ్వండి" అని వీపు నిమరడం, అన్నీ ఆవిడే. జెల్ రంగు చూసి చెప్పేది కూడా ఆవిడే.

ప్రభుదాసు మాస్టారు

కొవ్వూరులో హైస్కూల్లో లెక్కలు చెప్పే ప్రభుదాసు మాస్టారు యాభై దాటిన వయసులో వచ్చారు. తెల్లచొక్కా, జేబులో ఎర్రకలం. వెంట భార్య సుగుణమ్మ గారు. ఆవిడా టీచరే, చిన్నపిల్లల బడిలో. తిన్నది అరగడం లేదని, పొట్ట పైభాగం బరువుగా ఉంటోందని చెప్పారు మాస్టారు.

గొట్టం దింపాను. కడుపు లోపలి మడతలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. గోడ ఎర్రగా ఉంది. జిగట అతుక్కుని ఉంది. అది చూడగానే బ్యాక్టీరియా ఉండొచ్చని మనసులో అనిపించింది. ముక్క తీసి జెల్‌లో పెట్టాను. పసుపుగానే ఉండిపోయింది.

"నెగెటివేనండి" అన్నారు గ్రేసమ్మ గారు.

నా కన్ను ఒకటి చెప్పింది, జెల్ ఇంకొకటి చెప్పింది. జెల్ మాటే రాశాను. 'కొద్దిగా వాపు, ఇన్ఫెక్షన్ లేదు' అని రిపోర్టు ఇచ్చి, గ్యాస్ బిళ్ళ రాసి పంపాను. ఆయన అంతకుముందే రెండేళ్ళుగా రోజూ అదే బిళ్ళ వేసుకుంటున్నారని తర్వాత తెలిసింది. ఆ బిళ్ళ వేసుకుంటున్నవాళ్ళలో బ్యాక్టీరియా అణిగి దాక్కుంటుంది, జెల్ రంగు మారకపోవచ్చు. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆయన్ని అడగలేదు.

ఏడాదిన్నర తర్వాత మాస్టారు మళ్ళీ వచ్చారు. చొక్కా వదులైపోయింది. విరేచనం నల్లగా అవుతోందన్నారు. ఈసారి గొట్టం దింపగానే కనిపించింది. కడుపు కిందిభాగంలో, లోపలికి వంగే మలుపు దగ్గర, అంచులు లేచిన పుండు. చూసిన క్షణమే అదేమిటో తెలిసిపోయింది.

ముక్క పరీక్షలో క్యాన్సరని వచ్చాక ఆయన ఒక్కరే నా గదికి వచ్చి కూర్చున్నారు. పాత రిపోర్టు బల్ల మీద పెట్టారు.

"డాక్టరమ్మగారండీ, అప్పుడు కూడా మీరే చూసేరు కదండి. అప్పుడేం కనపడలేదాండి?"

నేను కంప్యూటర్‌లో పాత ఫోటోలు తీశాను. నాలుగే ఉన్నాయి. అన్నవాహికది ఒకటి, కడుపు పైభాగానిది ఒకటి, చివరన రెండు. మలుపు దగ్గరది లేదు. అక్కడ ఆగలేదు కాబట్టి లేదు.

"చూడాల్సిన చోట నేను చూడలేదండి" అన్నాను. గ్యాస్ బిళ్ళ గురించి అడగని సంగతి కూడా చెప్పాను. ఆ రోజే అక్కడ మొదలై ఉండొచ్చని, ఇన్ఫెక్షన్ని పట్టుకుని మందులిచ్చినా అప్పటికే ఆలస్యమై ఉండొచ్చని, ఏదీ ఖాయంగా చెప్పలేనని చెప్పాను.

ఆయన పాత రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బావుండుననుకున్నాను. చివరికి లేచి, "ఇది మా ఆవిడకి చెప్పకండి. ముందుముందు ఆవిడకి నాతో చాలా పనుందండి" అన్నారు.

ఆపరేషన్ అయింది. అప్పటికే పాకిపోయింది. కొన్ని నెలలకి ఆయన పోయారు. చర్చి ఆవరణలో జరిగిన సమాధి కార్యక్రమానికి వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను. సుగుణమ్మ గారు నన్ను చూసి, "మీకు శ్రమండి" అన్నారు. అప్పుడూ చెప్పలేదు. చెప్పవద్దని ఆయనే అన్నారు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ మాటను అడ్డం పెట్టుకుని నాలుగేళ్ళు దాక్కున్నాను.

బటన్

మాస్టారు పోయిన తర్వాతి ఏడాది మాకు కొత్త యంత్రం వచ్చింది. గొట్టం పట్టుకునే పిడి మీద ఒక బటన్ ఉంటుంది. నొక్కితే మామూలు తెల్లవెలుగు పోయి ఇంకో రకం వెలుగు వస్తుంది. కంటికి ఒకేలా కనిపించే ఎరుపుల్ని అది విడదీసి చూపిస్తుంది. బ్యాక్టీరియా ఉన్న కడుపు గోడ ముదురు దానిమ్మ రంగులో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నది లేత గంధం రంగులో పాలిపోయి ఉంటుంది. పొర మారిపోయిన చోట వంకాయపువ్వు రంగు మచ్చలు తేలతాయి. మలుపు దగ్గర గొట్టాన్ని గోడకి బాగా దగ్గరగా తీసుకెళ్తే, ఆరోగ్యమైన కడుపులో సన్నటి ఎర్రచుక్కలు ముగ్గు పెట్టినట్టు వరసగా కనిపిస్తాయి. అవి రక్తనాళాల కొసలు. బ్యాక్టీరియా చేరిన కడుపులో ఆ వరస చెదిరిపోతుంది, చుక్కలు మాయమవుతాయి.

కంపెనీ మనిషి వచ్చి ఒక పూట చూపించి వెళ్ళాడు. రామశేషు గారు నవ్వేశారు. "సినిమా లైటింగండి ఇది. జెల్ ఉండగా మనకెందుకు?"

నాకు మాత్రం అది నేర్చుకోవాలని పట్టుదల పుట్టింది. అప్పటికి నా వయసు యాభై అయిదు. ఆ వయసులో కొత్త చూపు నేర్చుకోవడం సులువు కాదు. ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి రోగికీ రెండు వెలుగుల్లోనూ చూసి, ముక్క తీయకముందే గ్రేసమ్మ గారికి పైకి చెప్పేదాన్ని, 'ఉంది' అనో 'లేదు' అనో. ఆవిడ నోటుబుక్కులో రాసేవారు. ముక్క మైక్రోస్కోపు కింద చూసిన రిపోర్టు వచ్చాక పక్కన అదీ రాసేవారు. మొదటి నెలల్లో ఎన్ని తప్పులో. పైత్యరసం వెనక్కి వచ్చి ఎర్రబడ్డ గోడను చూసి 'ఉంది' అన్నాను. నొప్పి బిళ్ళల వల్ల వచ్చిన ఎరుపును చూసి 'ఉంది' అన్నాను. జిగట సరిగా కడగకుండా చూసి 'లేదు' అన్నాను.

"మేడం గారండి, ఇవాళ కూడా తప్పేనండి" అని గ్రేసమ్మ గారు మొహమాటం లేకుండా చెప్పేవారు. ఆవిడ అలా చెప్పకపోతే నేను నేర్చుకునేదాన్ని కాదు. మీకూ అలాంటి మనిషి పక్కన ఉంటే వదులుకోకండి.

నా వేగం సగానికి పడిపోయింది. బెంచీల మీద జనం విసుక్కున్నారు. పై నుంచి సంజాయిషీ అడిగారు. "మలుపు దగ్గర ఆగి చూడకుండా నా చేతిలో గొట్టం బయటికి రాదండి" అని చెప్పాను. ఆ మాట మీదే రిటైరయ్యేదాకా ఉన్నాను. ఏడాది తిరిగేసరికి నోటుబుక్కులో తప్పులు బాగా తగ్గాయి. అయినా వెలుగు చూపించేది అనుమానాన్నే. ఎక్కడి నుంచి ముక్క తీయాలో అది చెబుతుంది. ఖాయం చేసేది మళ్ళీ ముక్కే. బటన్ ఉంది కదా అని ముక్క తీయడం మానేస్తే, నేను జెల్‌ని నమ్మి చేసిన తప్పే మీరు వెలుగును నమ్మి చేస్తారు.

దేవదానం

మాస్టారి తమ్ముడు దేవదానం కరెంటు డిపార్ట్‌మెంట్లో లైన్‌మన్. అన్న కంటే పదేళ్ళు చిన్న. అతనికీ కడుపులో మంట మొదలైంది. సుగుణమ్మ గారే మరిదిని వెంటబెట్టుకుని వచ్చారు.

"వీళ్ళ అన్నయ్యకి కూడా ఇలాగే మొదలైందండి. బాగా చూడండి" అన్నారు.

ఈసారి ముందే అడిగాను. గ్యాస్ బిళ్ళలు వేసుకుంటున్నావా?

"లేదండి. వదిన మానిపించేసింది. నెల దాటిందండి."

గొట్టం దింపి, కడిగి, బటన్ నొక్కాను. తెర నిండా దానిమ్మ రంగు. మలుపు దగ్గర చుక్కల వరస లేదు. పక్కనే వంకాయపువ్వు రంగు మచ్చ ఒకటి. "ఉంది" అన్నాను. గ్రేసమ్మ గారు రాసుకున్నారు. రెండు చోట్ల ముక్కలు తీశాను.

జెల్ పసుపుగానే ఉండిపోయింది. మైక్రోస్కోపు రిపోర్టులోనూ బ్యాక్టీరియా కనపడలేదనే వచ్చింది. వాపు మాత్రం గట్టిగా ఉందని రాశారు. మచ్చ దగ్గర పొర మారిందని, క్యాన్సర్ కణాలు లేవని కూడా రాశారు.

రామశేషు గారు రిపోర్టు చూసి, "రెండు పరీక్షలూ లేదంటుంటే మీ లైటొక్కటే ఉందంటోంది. దేన్ని నమ్ముతారండి?" అన్నారు.

"ఇప్పుడు దేన్నీ నమ్మనండి. మళ్ళీ చూస్తాను" అన్నాను.

దేవదానాన్ని కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి అడిగాను. ఈ మధ్య ఏ మందు వేసుకున్నా చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది. రెండు వారాల కిందట పన్ను వాచిందట. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారంపాటు యాంటీబయాటిక్ వాడాడు.

"పంటికండి అది, కడుపుక్కాదు కదండి" అన్నాడు.

ఆ మందు కడుపులో బ్యాక్టీరియాను చావగొట్టకుండా మూర్ఛపుచ్చుతుంది. పరీక్షలకి దొరకదు. నెల తర్వాత మళ్ళీ లేస్తుంది. అందుకే నెలపాటు ఏ మందూ వేసుకోకుండా ఉండి మళ్ళీ రమ్మన్నాను. ఆ మచ్చ అంచుల్ని కూడా ఇంకోసారి చూడాలన్నాను. 'ఆయ్' అని తలూపి వెళ్ళాడు.

నెల అయింది. రాలేదు. ఫోన్ చేస్తే స్తంభం మీద ఉన్నానన్నాడు. ఇంకోసారి చేస్తే, "నాకిప్పుడు బాగానే ఉందండి. రిపోర్టులో ఏం లేదన్నారు కదండి" అని పెట్టేశాడు.

వంతెన దాటి

ఆదివారం ఆరాధన ముగిసే వేళకి వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. రోగి ఇంటికి డాక్టరు వెళ్ళకూడదని మాకు చెప్పినవాళ్ళున్నారు. అవసరమైనప్పుడు వెళ్ళాలని నేనంటాను.

దేవదానం చర్చి బట్టల్లోనే వరండాలో కూర్చుని ఉన్నాడు. సుగుణమ్మ గారు కాఫీ ఇచ్చి నిలబడ్డారు. ఎంత చెప్పినా అతను వినలేదు. చివరికి అనేశాడు.

"అన్నయ్యకి కూడా మీరే చూసేరు కదండి. ఒకసారి లేదన్నారు, తర్వాత ఉందన్నారు. నాకేమో పరీక్షల్లో లేదంటే మీరు ఉందంటారు. మేమేది నమ్మాలండి?"

ఇక దాక్కోవడానికి చోటు లేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి సుగుణమ్మ గారి వైపు తిరిగాను.

"మాస్టారి విషయంలో నేను తప్పు చేశానమ్మా" అన్నాను. అంతా చెప్పాను. కన్ను చెప్పింది కాదని జెల్ చెప్పింది రాశానని, గ్యాస్ బిళ్ళల గురించి అడగలేదని, మలుపు దగ్గర ఆగలేదని, ఫోటో లేదని. "ఆయనకి తెలుసు. మీకు చెప్పొద్దన్నారు. కానీ ఇన్నాళ్ళూ చెప్పకపోవడం మాత్రం ఆయన కోసం కాదు. నాకు ధైర్యం లేక."

సుగుణమ్మ గారు గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

దేవదానంతో అన్నాను. "అన్నయ్యకి కూడా జెల్ పసుపే వచ్చింది. నేను నమ్మి పంపేశాను. నీకూ పసుపే వచ్చింది. అందుకే ఇంత దూరం వచ్చాను."

సుగుణమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు. గిన్నె ఏదో కడుగుతున్న చప్పుడు వినిపించింది. కడిగినదే మళ్ళీ కడుగుతున్నట్టు చాలాసేపు వినిపించింది. తిరిగి వచ్చి నా వంక చూడకుండా మరిదితో అన్నారు.

"మంగళవారం సెలవు పెట్టు. వెళ్దాం."

మంగళవారం గొట్టం దింపి బటన్ నొక్కేసరికి అంతా అదే దానిమ్మ రంగు. ముక్క జెల్‌లో పెట్టిన కాసేపటికే గ్రేసమ్మ గారు సీసా ఎత్తి చూపించారు. ముదురు గులాబీ. నాకు ఆనందం కలగలేదు. మచ్చ అంచున, చిటికెన వేలి గోరులో సగం లేదు, గరుకుగా మారిన చోటు ఒకటి కనిపించింది. తెల్లవెలుగులో చూస్తే పక్క గోడలో కలిసిపోతోంది. బటన్ నొక్కితే గీత గీసినట్టు విడిగా నిలుస్తోంది. అక్కడి ముక్కలో క్యాన్సర్ తొలి దశ అని వచ్చింది.

హైదరాబాదులో పొట్ట కోయకుండా, గొట్టంతోనే ఆ పొర వరకు ఒలిచి తీసేశారు. అంతా వచ్చేసిందని అక్కడి రిపోర్టు. తర్వాత బ్యాక్టీరియాకి పద్నాలుగు రోజుల మందులు ఇచ్చాను. నోరంతా చేదని, తుప్పు నాకినట్టుందని రోజూ ఫోన్ చేసి తిట్టాడు. తిట్టు, కానీ ఒక్క పూట కూడా మానకు అన్నాను. మానలేదు. నెల ఆగి పరీక్ష చేస్తే బ్యాక్టీరియా పోయింది. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకుంటున్నాడు. ఇప్పటికీ స్తంభాలు ఎక్కుతున్నాడు.

రామశేషు గారు ఆ చోటుకి రెండు వెలుగుల్లో తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూశారు. బటన్ మాత్రం ఆయన నేర్చుకోలేదు. కానీ అనుమానం ఉన్న రోగుల్ని నా గదికి పంపడం మొదలుపెట్టారు. నాకది చాలు.

సుగుణమ్మ గారు

మరిదికి మందులు వాడేటప్పుడు ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి అన్నాను. దేవదానం భార్యా, పెద్ద పిల్లలూ వచ్చారు. సుగుణమ్మ గారు రాలేదు. ఆరోజు వరండాలో చెప్పాక ఆవిడ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మరిదితో వచ్చినా బయట బెంచీ మీదే కూర్చునేవారు. క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందనుకోలేదు.

నేను రిటైరవడానికి కొద్ది వారాల ముందు, ఒక పొద్దున్న రోగుల వరసలో ఆవిడ పేరు కనిపించింది. పరగడుపున వచ్చారు. గ్యాస్ బిళ్ళలు లేవు, యాంటీబయాటిక్‌లు లేవు, అన్నీ కాగితం మీద రాసుకుని తెచ్చారు. బల్ల ఎక్కి ఎడమవైపు తిరిగి పడుకున్నారు. గ్రేసమ్మ గారు రింగు పెట్టబోతుంటే చేత్తో ఆపి నా వైపు చూశారు.

"అన్ని చోట్లా ఆగి చూడండి" అన్నారు. "నాకేం తొందర లేదండి."

చూశాను. మొదలు నుంచి చివర దాకా, రెండు వెలుగుల్లోనూ. మలుపు దగ్గర ఆగి, కడిగి, ఫోటో మీద ఫోటో తీశాను. గ్రేసమ్మ గారు వీపు నిమురుతూనే ఉన్నారు.

అయ్యాక ఆవిడ లేచి కూర్చుని మూతి తుడుచుకున్నారు. తెర మీద ఫోటో చూపించాను.

"ఉందండి బ్యాక్టీరియా. పుండు లేదు, మచ్చ లేదు. పద్నాలుగు రోజులు మందులు వాడితే సరిపోతుంది. అయినా ముక్క రిపోర్టు వచ్చాకే ఖాయంగా చెబుతాను."

ఆవిడ బల్ల దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"సరేనండి" అన్నారు. "రిపోర్టు రాగానే ఫోన్ చేయండి. ఏదైనా సరే, నాకే చెప్పండి."